సొంత చెట్టుతో సొంత ఇల్లు: కలపకు కావలసింది ఒక ఏడాది ఓపిక

పొలం గట్టున పెరిగిన టేకు, దొడ్లోని వేప ఇంటికి దూలాలుగా, దర్వాజలుగా మారాలంటే అసలు పని గొడ్డలితో కాదు, నీడతో, గాలితో. కలప ఎందుకు పగులుతుంది, ఎందుకు వంగుతుంది, ఎందుకు పుచ్చుతుంది అన్న ప్రశ్నలకు దారు విజ్ఞానం చెప్పే సమాధానాలు చాలావరకు ఒక్క మాట దగ్గరికే వస్తాయి: నీరు.

సూరత్ నుంచి బార్డోలీ వైపు వెళ్తుంటే పల్సాణా తాలూకాలో జోల్వా వస్తుంది. చెరకు తోటలు, వాటి మధ్య లేచిన బట్టల మిల్లులు, మగ్గాల షెడ్లు, కార్మికుల గదుల వరసలు ఈ ప్రాంతపు రూపు. సూరత్ బట్టల పరిశ్రమకు తెలంగాణతో పాత బంధుత్వం ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడికి వలస వెళ్లాయి. నగరంలోని లింబాయత్ వంటి పేటల్లో తెలుగు మాట వినబడటం ఎవరికీ వింత కాదు.

ఊరు విడిచినా ఊళ్లో ఇల్లు అన్న ఆశ విడవదు. అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఊళ్లో ఎకరం భూమి, గట్టు మీద తాత నాటిన నాలుగు టేకు చెట్లు, దొడ్లో ఒక వేప, బావి పక్కన నల్లతుమ్మ. కలప కొనాల్సిన పని లేదు. పెంకులు, ఇటుకలు, వడ్రంగి కూలి ఉంటే చాలనిపిస్తుంది. కానీ సెలవు 20 రోజులే. ఆ 20 రోజుల్లోనే చెట్లు కొట్టించి, కోత మిల్లుకు తోలించి, దర్వాజలు నిలబెట్టి, దూలాలు ఎక్కించి తిరుగు రైలెక్కాలన్న తొందర.

మరుసటి ఏడాది తలుపు తీస్తే కథ వేరుగా ఉంటుంది. దర్వాజ మూలల్లో వేలు పట్టేంత సందు, దూలం పొడవునా పగులు, వాసాల కింద నేల మీద పిండిలాంటి పొడి. చెట్టు మంచిది కాదని, వడ్రంగి మోసం చేశాడని ఇంట్లో మాటలు నడుస్తాయి. తప్పు చాలాసార్లు చెట్టుదీ కాదు, వడ్రంగిదీ కాదు. 40 ఏళ్లు పెరిగిన చెట్టుకు ఆరడానికి 20 రోజులే ఇచ్చారు.

పచ్చి మానులో నీళ్లెన్ని?

కలపలోని నీటి బరువును, అదే కలప పూర్తిగా ఎండినప్పటి బరువుతో పోల్చి తేమశాతం లెక్కిస్తారు. అందుకే ఇది 100 దాటవచ్చు కూడా; అంటే కలప కంటే అందులోని నీరే ఎక్కువ బరువన్నమాట. ఉదాహరణకు 480 కిలోల పచ్చి దుంగలో తేమ 60 శాతం ఉంటే, అందులో కలప 300 కిలోలు, నీరు 180 కిలోలు. ఆ దుంగను 12 శాతం తేమకు తేవాలంటే 144 లీటర్ల నీరు బయటికి పోవాలి. ఇల్లు కట్టాక ఆ నీరు పోతే, ఇంటి కీళ్లను కదిలించుకుంటూ పోతుంది.

ఈ నీరు రెండు చోట్ల ఉంటుంది. నేత పని తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. తడిసిన నూలు బట్టను పిండితే నీరు కారిపోతుంది. ఎంత పిండినా పోగుల్లో తడి మాత్రం మిగులుతుంది. పత్తి పోగు సెల్యులోజ్. కలప కణాల గోడల్లోనూ ప్రధానంగా ఉన్నది అదే. కలపలో కణాల బోలు భాగంలోని నీరు ముందు ఆవిరవుతుంది. అది పోయినంతసేపూ దుంగ తేలికవుతుంది తప్ప దాని కొలతలు మారవు. తేమ సుమారు 28 నుంచి 30 శాతానికి దిగాక, కణాల గోడల్లో ఇమిడిన నీరు కదలడం మొదలవుతుంది. కలప కుంచించుకుపోవడం మొదలయ్యేది అక్కడే. బలం పెరగడం మొదలయ్యేదీ అక్కడే.

మానై వంగునా? వంగుతుంది

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. పిల్లల పెంపకం సంగతి ఎలా ఉన్నా, కొట్టి కోసిన మాను మాత్రం వంగుతుంది. కారణం, కలప అన్ని దిక్కులా ఒకే లెక్కన కుంచించుకోదు. పొడవునా మార్పు దాదాపు లేనట్టే. మాను గుండె నుంచి బెరడు వైపు కొలిస్తే కొంత ఉంటుంది. వార్షిక వలయాల వెంట, అంటే చుట్టుకొలత దిశలో, దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. టేకు పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి గుండె-బెరడు దిశలో 2.5 శాతం, వలయాల వెంట 5.8 శాతం మేర తగ్గుతుంది. నిజానికి ఇవి చాలా తక్కువ అంకెలు. టేకుకు ఇంత పేరు రావడానికి ఈ నిలకడ కూడా ఒక కారణం.

అయినా లెక్క వేస్తే ఆ తక్కువ కూడా తక్కువేమీ కాదు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న పచ్చి టేకు పలక 12 శాతం తేమకు ఎండేసరికి, కోత దిశను బట్టి సుమారు 7 మిల్లీమీటర్ల వరకు తగ్గవచ్చు. ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ తగ్గినప్పుడు పలక దోనెలా వంపు తిరుగుతుంది. గుండెను మధ్యలో ఉంచి కోసిన దూలంలో బయటి పొర ముందు ఎండి బిగుసుకుంటుంది, లోపలిది ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ లాగుడుకు పొర చీలి పొడవాటి పగులు ఏర్పడుతుంది.

కొండపల్లి బొమ్మల కళాకారులు తెల్ల పొణికి కర్రను చెక్కేముందు సన్నని సెగ మీద ఆరబెడతారు. చేతిలో ఇమిడే బొమ్మకే ఆ జాగ్రత్త ఉన్నప్పుడు, మనిషి తల మీద నిలిచే దూలానికి ఎంత ఉండాలి?

సూరత్ గాలి వేరు, కరీంనగర్ గాలి వేరు

ఎంత ఎండబెట్టినా కలప తేమ సున్నాకు చేరి అక్కడే ఉండిపోదు. చుట్టూ ఉన్న గాలితో లెక్క సరిపోయేదాకా తేమను వదులుతుంది, లేదా పీలుస్తుంది. 30 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర గాలిలో సాపేక్ష ఆర్ద్రత 30 శాతం ఉంటే కలప సుమారు 6 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. ఆర్ద్రత 65 శాతమైతే సుమారు 12 దగ్గర, 80 శాతమైతే సుమారు 16 దగ్గర నిలుస్తుంది.

సముద్రానికి దగ్గరగా ఉన్న సూరత్ ప్రాంతంలో గాలి తేమగా ఉంటుంది. తెలంగాణ లోతట్టు పల్లెల్లో మే నెల గాలి పొడిగా, సెగలా తగులుతుంది. కాబట్టి జోల్వాలో వానాకాలంలో బాగా ఆరిందనిపించిన పలక, కరీంనగర్ ఎండాకాలంలో మళ్లీ కుంచించుకుపోతుంది. ఎక్కడ వాడతారో అక్కడి గాలిలోనే కలపను ఆరనివ్వాలని నిపుణులు చెప్పేది ఇందుకే. భారతీయ ప్రమాణాలు కూడా దేశాన్ని సగటు ఆర్ద్రత ఆధారంగా నాలుగు మండలాలుగా విభజించి, పనిని బట్టి తేమ పరిమితులు సూచిస్తాయి. దూలాలు, వాసాలకు పొడి మండలంలో 12 శాతం, బాగా తేమగా ఉండే మండలంలో 20 శాతం దాకా ఒప్పుకుంటాయి. తలుపులు, కిటికీలకు అంతకంటే తక్కువ ఉండాలి.

ఒకే ఊళ్లో కూడా కాలాన్ని బట్టి ఈ కదలిక ఆగదు. 80 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు తలుపులో ఏడాది పొడవునా తేమ 5 శాతం అటూ ఇటూ అయితే, వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్ల వరకు మారవచ్చు. పాతకాలపు వడ్రంగులు తలుపును ఒకే పెద్ద పలకగా చేయకుండా, చట్రానికి గాడి తీసి పలకను జిగురు లేకుండా అందులో కూర్చోబెట్టింది అందం కోసం మాత్రమే కాదు. ఆ గాడిలో పలక వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది, చట్రం మాత్రం కదలదు.

చెట్టు వయసు కాదు, చేవ చూడాలి

చెట్టును అడ్డంగా కోస్తే మధ్యలో ముదురు రంగు భాగం, దాని చుట్టూ లేత రంగు వలయం కనిపిస్తాయి. మధ్యది చేవ. చుట్టూ ఉన్నది వేళ్ల నుంచి నీటిని పైకి మోసే రసదారువు. పల్లెల్లో తెల్లచెక్క అంటే తెలుస్తుంది. రసదారువులో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. పుచ్చు పురుగులకు అదే తిండి. చేవగా మారే క్రమంలో ఆ పిండిపదార్థం పోయి, కీటకాలకు, శిలీంధ్రాలకు సరిపడని రసాయనాలు చేరతాయి. టేకు చేవలోని టెక్టోక్వినోన్ అలాంటిదే.

చేవ టేకు ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి సూరత్ చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. సూరత్‌లో ఓడలు కట్టే పనిలో ఉన్న లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియాను ఈస్టిండియా కంపెనీ 18వ శతాబ్దంలో బొంబాయికి రప్పించింది. ఆయన వంశీకుల చేతి మీదుగా బొంబాయి రేవులో టేకుతో తయారై 1817లో నీళ్లలోకి దిగిన ట్రింకోమలీ యుద్ధనౌక, ఇంగ్లాండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నేటికీ తేలుతూనే ఉంది.

అయితే ఆ నౌకకు వాడింది ముదిరిన అడవి టేకు. గట్టు మీద పదిహేనేళ్లు పెరిగిన టేకులో రసదారువు వాటా చాలా ఎక్కువ. పేరు టేకే అయినా ఆ తెల్లభాగానికి పురుగు నుంచి రక్షణ లేదు. కొట్టబోయే చెట్టులో చేవ ఎంత ఉందో ముందే అంచనా వేసుకుని, చాలకపోతే మరికొన్నేళ్లు ఆగడమే లాభం.

మిగతా చెట్లకూ ఎవరి చోటు వారికుంది. నల్లతుమ్మ చేవ గట్టిది, బరువును మోస్తుంది; బండ్లకు, నాగళ్లకు దాన్ని వాడింది అందుకే. వేప దర్వాజలకు పనికొస్తుంది కానీ దాని పోగులు మెలికపడి ఉంటాయి కాబట్టి చిత్రిక పట్టడం కష్టం. మామిడి కుళ్లుకు, పురుగుకు తొందరగా లొంగుతుంది; ఇంటి పైకప్పును దాని మీద మోపడం మంచిది కాదు. జామాయిల్ వేగంగా పెరుగుతుంది కానీ పెరిగేటప్పుడే మానులో బిగువు దాచుకుంటుంది. కొట్టగానే కొసలు చీలేది ఆ బిగువు సడలడం వల్లే. తాడిది పూర్తిగా వేరే లెక్క. అది ఏకదళబీజం, అందులో చేవ ఉండదు. గట్టి నారపోగులు మాను అంచున దట్టంగా, లోపల పలుచగా ఉంటాయి. అందుకే ముదురు తాడిని చీల్చి, లోపలి మెత్తని భాగం తీసేసి, బయటి పట్టెనే వాసాలుగా వాడతారు.

మొదటి సెలవు: కొట్టి, కోసి, పేర్చి

చలికాలం చెట్టు కొట్టడానికి అనువైన సమయం. ఎండ తీవ్రత తక్కువ కాబట్టి కలప మెల్లగా ఆరుతుంది, పగుళ్లు తగ్గుతాయి. వానాకాలంతో పోలిస్తే బూజు, పురుగు బెడద కూడా తక్కువ. చెట్టును ఏ పక్షంలో కొట్టామన్న దానికంటే, కొట్టాక దుంగను ఎన్నాళ్లు ఎండలో పడేశామన్నదే ముఖ్యం. బెరడుతో నేల మీద వదిలేసిన దుంగ పురుగుకు పిలుపు లాంటిది.

నీరు దుంగ పక్కల నుంచి కంటే కొసల నుంచి చాలా వేగంగా పోతుంది. కోసిన రోజే కొసలకు మైనమో, తారో, దళసరి పెయింటో పూస్తే పగుళ్లు చాలావరకు తగ్గుతాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇది. ఎక్కువమంది మరచిపోయే పనీ ఇదే.

తర్వాత దుంగను అలాగే ఉంచకుండా కావలసిన సైజుల కంటే కాస్త ఎక్కువగా కోయించాలి. కుంచించుకుపోయేది, చిత్రికకు పోయేది కలుపుకుని కొలత ఇవ్వాలి. పలకలను నేలకు అడుగుకు పైగా ఎత్తులో, సమమైన దిమ్మెల మీద, నీడలో పేర్చాలి. ప్రతి వరసకూ మధ్య అంగుళం మందం ఉన్న కర్రముక్కలు రెండడుగులకు ఒకటి చొప్పున పెట్టాలి. పై వరసలోని ముక్కలు కింది వరస ముక్కలకు సరిగ్గా నిలువుగా రావాలి. అవి పక్కకు జరిగితే పై బరువుకు పలక అక్కడే వంగి, ఆ వంపుతోనే ఎండిపోతుంది. పైన బరువు రాళ్లు, ఆపైన వాన తగలకుండా రేకు ఉండాలి. పక్కలు మూయకూడదు, గాలి ఆడాలి.

ఎన్నాళ్లు? మందం దీన్ని నిర్ణయిస్తుంది. లోపలి నీరు మెల్లగా వ్యాపిస్తూ ఉపరితలానికి రావాలి. మందం రెట్టింపైతే పట్టే సమయం దాదాపు నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. అంగుళం పలకకు పొడి వాతావరణంలో కొన్ని నెలలు సరిపోతే, దర్వాజ పట్టెలకు ఏడాది పట్టవచ్చు. పెద్ద దూలాల లోపలి భాగం అంతకంటే ఎక్కువ కాలం ఆరుతూనే ఉంటుంది. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థ సౌరశక్తితో కలపను ఆరబెట్టే గదులను రూపొందించింది. అలాంటి సదుపాయం దగ్గరలో ఉంటే వ్యవధి తగ్గుతుంది.

ఆరిందో లేదో తూకమే చెబుతుంది

చేత్తో తాకి, తట్టి చూసి చెప్పడం అనుభవజ్ఞులకే సాధ్యం. మిగతావారికి వంటింటి తూకం ఉంది. పేర్పులో ఒక పలకకు గుర్తు పెట్టి నెలకోసారి తూయాలి. బరువు పడిపోవడం దాదాపు ఆగిందంటే కలప అక్కడి గాలితో సమం అయినట్టే.

అంకె కచ్చితంగా కావాలంటే పలక కొసకు కనీసం అడుగు దూరం నుంచి చిన్న ముక్క కోసి వెంటనే తూయాలి. తర్వాత 103 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో, బరువు ఇక తగ్గని దాకా ఎండబెట్టి మళ్లీ తూయాలి. ముందు 250 గ్రాములు, తర్వాత 200 గ్రాములు వస్తే పోయిన నీరు 50 గ్రాములు. తేమ 25 శాతం. అంటే దర్వాజకు ఇంకా పనికిరాదు. వడ్రంగుల దగ్గర కనిపించే తేమ మీటర్లలో చాలావాటికి విద్యుత్ నిరోధమే ఆధారం. ఎండిన కలప విద్యుత్తును దాదాపు రానివ్వదు, తేమ పెరిగేకొద్దీ నిరోధం వేగంగా పడిపోతుంది. అయితే మీటరు సూదులు దిగినంత లోతు వరకే చెబుతాయి. దూలం గుండెలో ఏముందో వాటికి తెలియదు.

పురుగుకు తిండి, చెదకు దారి లేకుండా

వాసాల కింద రాలే పిండిలాంటి పొడి పుచ్చు పురుగుల పని. అవి రసదారువులోని పిండిపదార్థం కోసం వస్తాయి. తుమ్మ కర్రను, వెదురును చెరువులో నెలల తరబడి నానబెట్టే పాత అలవాటు వెనుక ఉన్న శాస్త్రం ఇదే. నీటిలో కరిగే చక్కెరలు, పిండిపదార్థంలో కొంత భాగం బయటికి పోతాయి, పురుగుకు తిండి తగ్గుతుంది.

ఇప్పుడు దానికి తోడు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం ఉంది. ఇది పచ్చి కలపలోకి బాగా వెళ్తుంది. కలపలోని నీరే దానికి దారి. అందుకే కోసిన వెంటనే ముంచి, కొన్ని వారాలు కప్పి ఉంచి, ఆ తర్వాత ఆరబెట్టాలి. కానీ వాన తగిలితే ఇది కరిగి కొట్టుకుపోతుంది కనుక ఇంటి లోపలి కలపకే నమ్మకం. పిల్లలకు, పశువులకు అందకుండా, చేతితొడుగులతో వాడాలి.

కుళ్లు శిలీంధ్రాలకు తిండి ఒక్కటే చాలదు, నీరూ కావాలి. తేమ 20 శాతం లోపు నిలబడితే అవి పెరగలేవు. పాత మండువా ఇళ్లలో చెక్క స్తంభాన్ని నేలలో పాతకుండా రాతి దిమ్మె మీద నిలబెట్టడం, చూరును గోడకు బాగా బయటికి దించడం ఈ పని కోసమే. రాయి నేల చెమ్మను పైకి రానివ్వదు. చెదలు మట్టి సొరంగం కట్టుకుని పైకి రాబోయినా ఆ రాయి మీద అది కంటికి కనిపిస్తుంది, తుడిచేయవచ్చు.

నిలువుగా దూలం, పైవైపు కణుపు

కొన్న కలపకు తరగతులుంటాయి. సొంత కలపకు ఇంటివారే పరీక్షకులు. 10 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్ల కొలతలున్న దూలాన్ని వెడల్పు వైపు పడుకోబెట్టడం కంటే నిలువుగా పెడితే వంపును తట్టుకునే బలం ఒకటిన్నర రెట్లు, బిగువు రెండుంపావు రెట్లు పెరుగుతుంది. కలప అంతే, ఖర్చూ అంతే. బరువు పడ్డప్పుడు దూలం అడుగు భాగం సాగుతుంది. మధ్యలో, అడుగు అంచున పెద్ద కణుపు ఉంటే చీలిక అక్కడే మొదలవుతుంది. అలాంటి కణుపును పైవైపుకు తిప్పి పెట్టాలి, లేదా ఆ కర్రను చిన్న వాసాలకు వాడుకోవాలి. విశాలమైన గదికి దూలాల కొలతలు మాత్రం ఇంజనీరుతో లెక్క కట్టించుకోవడమే క్షేమం.

చెట్టు సొంతమే, అనుమతి మాత్రం కావాలి

సొంత భూమిలో చెట్టయినా కొట్టేముందు చట్టం చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టం, అంటే వాల్టా, చెట్ల నరికివేతను నియంత్రిస్తుంది. టేకు వంటి జాతులకు అటవీ శాఖ అనుమతి, కోత మిల్లుకో మరో ఊరికో తరలించడానికి రవాణా పర్మిట్ అవసరమవుతాయి. గుజరాత్‌కు తన నిబంధనలున్నాయి. జోల్వా దగ్గర కొట్టిన దుంగను లారీలో వేసుకుని రాష్ట్రం దాటించడం కాగితాలు లేకుండా కుదరదు. రవాణా పర్మిట్లకు దేశమంతా ఒకే ఆన్‌లైన్ వ్యవస్థను కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభించింది. పొలాల్లోని చెట్ల నరికివేతను సులభం చేసేందుకు 2025 జూన్‌లో నమూనా నిబంధనలను రాష్ట్రాలకు పంపింది. వాటి అమలు రాష్ట్రాల చేతిలో ఉంది కాబట్టి స్థానిక అటవీ కార్యాలయంలో అడగడమే మొదటి అడుగు.

రెండో సెలవు

ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే. ఒక ఘనమీటరు టేకులో దాగిన కర్బనం, చెట్టు గాలి నుంచి తీసుకున్న సుమారు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. దూలం నిలిచినంత కాలం అది గాలిలోకి తిరిగి రాదు. పుచ్చిపోయి పొయ్యిలోకి చేరితే వెంటనే తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి ఇల్లు కనీసం చెట్టు పెరిగినంత కాలమైనా నిలవాలి. ఈలోగా గట్టు మీద ఇంకో మొక్క మాను కావాలి.

వలస కుటుంబానికి ఏడాదికి ఒకే సెలవు దొరకడం ఇక్కడ ఇబ్బందిగా కాక వెసులుబాటుగా మారుతుంది. మొదటి సెలవులో అనుమతి తెచ్చుకుని, కొట్టి, కోసి, కొసలు మూసి, నీడలో పేర్చి సూరత్ రైలెక్కవచ్చు. వాళ్లు మగ్గాల మధ్య పనిచేస్తున్నంత కాలమూ ఊళ్లో గాలి తన పని తాను చేస్తుంది. గుర్తు పెట్టిన పలకను నెలకోసారి తూచి ఆ అంకెను ఫోన్‌లో చెప్పడానికి ఇంటి దగ్గర ఒక మనిషి ఉంటే చాలు. రెండో సెలవుకు వచ్చేసరికి కలప దర్వాజకు సిద్ధంగా ఉంటుంది.